కుండీకో మనిషి

అశ్విని కార్తె

ఈ దినచర్య కమిటీ ముందుకు వెళుతుందని నాకు తెలుసు. పోయినేడు నేను రాసిన పేజీల మీద ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టి, "అనవసర వ్యాఖ్యలు మానుకోగలరు" అని పక్కన రాసి పంపారు. మానుకోలేను. మొక్కల గురించి రాయమన్నారు, రాస్తాను. మొక్కల పక్కన పడుకునే మనుషుల గురించి కూడా రాస్తాను. మా ఊరు మూడో ఏసీలో ఆ రెండింటికీ ఒకటే కప్పు.

కమిటీలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను. నా పేరు కట్టా ఎస్తేరు. బంగాళాదుంప వంగడాలు తయారుచేయడం నా పని. వరి మాటే మరిచిపోయిన ఈ ఊళ్ళో పొద్దునా దుంపే, రాత్రీ దుంపే. కాబట్టి నా పని చెడితే ఊరు పస్తుంటుంది.

ఇవాళ పొద్దున హాలు తలుపు తీసేసరికి బాలింతలు చాపలు చుడుతున్నారు. దుంపల తొట్ల మధ్య ఇంకా కొందరు ముసలివాళ్ళు లేవలేదు. గోడ మీది నల్లబోర్డు మీద మెకానిక్ మస్తాన్‌వలి సుద్దముక్కతో పద్దెనిమిది అని రాసి వెళ్ళాడు. రాత్రి హాల్లో ఉన్న వేడి అది. బయట రాత్రి ముప్పై మూడు. రాత్రి చల్లబడకపోతే బంగాళాదుంప మొక్క ఏపుగా ఆకు వేస్తుంది కానీ కింద దుంప పట్టదు. అందుకే ఊళ్ళో ఉన్న కరెంటంతా పోసి దానికి చలి తయారుచేస్తున్నాం. మనుషుల్లో బాలింతలకూ, పసిపిల్లలకూ, ముసలివాళ్ళకూ మాత్రం ఆ చలిలో వంతు ఉంది. నాలాంటి గట్టివాళ్ళు పంపుషెడ్డు పక్కన తడిగోనె కప్పుకొని పడుకుంటారు.

ఈ హాలు ఒకప్పుడు మిర్చి బస్తాలు దాచిన కోల్డ్ స్టోరేజీ. అప్పటి రైతులు "సరుకు ఏసీలో పెట్టాం" అనేవాళ్ళట, ఆ పేరే ఊరికి మిగిలింది. బస్తాలు పోయి ఎన్నేళ్ళయినా గోడల్లోంచి ఘాటు పోలేదు. లోపలికి తెచ్చిన పసిబిడ్డ మొదటిసారి తుమ్మగానే అందరూ చప్పట్లు కొట్టడం మా ఆనవాయితీ. ఇవాళ హైమ కొడుకు తుమ్మాడు. నేనూ గట్టిగానే కొట్టాను.

హైమ నా చెల్లెలు సారమ్మ కూతురు. సారమ్మ లేదు. దుంపలు ముందు, మనుషులు తర్వాత అని అప్పటి కమిటీ హాలు తలుపులు మూసిన వేసవిలో ఎండదెబ్బకు పోయింది. ఆ వేసవి చాలామందిని తీసుకుపోయింది. అప్పట్నుంచి మా ఊళ్ళో ఒక కట్టుబాటు పుట్టింది. పొద్దుగూకాక ఏ ప్రాణినీ బయట వదలకూడదు. కుక్కపిల్లయినా, కోడిపెట్టయినా, కనబడినవాళ్ళు నీడకు చేర్చాలి. కమిటీ రాసిన నియమం కాదు కాబట్టి అందరూ పాటిస్తారు.

భరణి కార్తె

రెండో కంప్రెసర్ పోయింది. మస్తాన్‌వలి దాని కింద దూరి, బయటికొచ్చి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఇంక లేవదమ్మా ఇది. ఒక్కదాంతో నెట్టుకు రావాలి," అన్నాడు.

"ఒక్కదాంతో పద్దెనిమిది వస్తుందా?"

"మనుషులు లోపలుంటే రాదు. అరవై మంది ఊపిరి, ఒంటి వేడి. ఇరవై నాలుగు దగ్గర ఆగుద్ది. ఖాళీ హాలైతే ఏమో, పద్దెనిమిదికి దగ్గరగా లాగొచ్చు."

ఆ మాట మధ్యాహ్నానికి కమిటీకి చేరింది. అధ్యక్షుడు గోరంట్ల పూర్ణయ్య గారు చెడ్డ మనిషి కాదు. కరువు ఏడాది ఆయన ఇంట్లో ముగ్గురు ఆకలితో పోయారు. ఆయనకు కలలో కూడా ఖాళీ తొట్లే కనిపిస్తాయనుకుంటాను. ఆయన చెప్పింది సూటిగానే చెప్పారు. మనుషులు బయటికి, దుంపలు లోపల. ఏడో ఏసీ ఊరివాళ్ళు పార్టు పంపేదాకా ఇంతే.

ఏడో ఏసీ వాళ్ళు పార్టు పంపుతామనడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఆ మాటే అన్నాను. తర్వాత ఇంకో మాట కూడా అన్నాను. కోపంతోనే అన్నాను.

"నా మొలకలు నలభై ఒకటి ఉన్నాయి. వాటిని చలిలో పెట్టను. బయట ముప్పై మూడులో పెంచుతాను. అవి దుంప వేస్తే ఇంక హాలుతో దుంపకు పని లేదు, మొత్తం మనుషులకు ఇచ్చేయండి. కోత దాకా ఎవర్నీ బయటికి పంపొద్దు."

"వేయకపోతే?" అని అడిగారు పూర్ణయ్య గారు.

"వేయకపోతే మీ మాటే."

ఒప్పుకున్నారు. ఆయన ఒప్పుకున్నది నా మీద నమ్మకంతో కాదు, బాలింతల్ని బయటికి పంపే మాట తన నోటితో ఆ రోజే చెప్పాల్సిన పని తప్పినందుకు.

ఆ మొలకలు ఎక్కడివని కమిటీలో ఒకాయన అడిగాడు. మామూలుగా మనం దుంప ముక్కలే నాటుతాం. ముక్క నుంచి వచ్చిన మొక్క తల్లి నకలే, దాని బలహీనత దీనికీ వస్తుంది. కొత్త గుణం కావాలంటే పూవుకు పూవు కలిపి, కాయ కాయించి, ఆ గింజల్ని మొలకెత్తించాలి. పోయినేడు నేను ఇటుకల మీద మొక్కలు పెంచినప్పుడు దుంపలు దండగ చేస్తున్నానని నా మీద ఫిర్యాదు చేసింది ఆయనే. ఇటుక మీద నాటి, మొదలు దగ్గర మట్టి కడిగేస్తే మొక్కకు దుంప వేసే చోటుండదు. ఉన్న బలమంతా పూవుకూ కాయకూ పెడుతుంది. అట్లా వేడికి ఓర్చే పాత అడవి రకంతో మన రకాన్ని కలిపి తీసిన గింజలు ఇవి. ఆయనకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థమైనట్టు తల ఊపాడు.

రోహిణి కార్తె

నలభై కుండీలు పెరట్లో వరసగా ఉన్నాయి. ఒక మొక్క మిగిలితే గోడ మూల ఉన్న సిమెంటు తొట్టిలో పెట్టాను. పగలు పైన పల్చటి నెట్టు, పొద్దునా సాయంత్రం నీళ్ళు. "ముట్టుకోవద్దు" అని అట్ట మీద రాసి కట్టాను. రోజూ టీ తాగి ఎండ పైకొచ్చే వేళకు వెళ్ళి ఆకులు చూస్తున్నాను. వాడిన ఆకు ఒక్కటి లేదు.

హాలు బోర్డు మీద ఇరవై నాలుగు. పడుకునేవాళ్ళకు అది స్వర్గమే. తొట్లలో పాత రకం మాత్రం అలిగినట్టు ఆకు వేస్తోంది, దుంప జాడ లేదు. దారిలో ఎదురైనవాళ్ళు నన్ను చూసి పలకరింపులు తగ్గించారు. కోత పోతే నిందించడానికి ఒక మనిషి కావాలి కదా, ముందుగానే ఎంచుకున్నారు.

హైమ బిడ్డను చంకనేసుకొని పెరట్లోకి వచ్చింది.

"ఈటిని చూస్తే జాలేస్తంది పెద్దమ్మా. ఇంత ఎండలో ఎట్టా ఉంటయ్యో."

"ఉండాలి. ఉండలేనివి పోతాయి. పోకుండా మిగిలిందే నాకు కావాలి."

"నువ్వు ఇట్టా మాట్లాడితే భయమేస్తది," అని నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ మాట నాకు నచ్చలేదు. నా మొక్కల మీద జాలి చూపించే తీరిక నాకు లేదు. అవి ఎండలో నిలబడకపోతే ఈ పిల్ల ఎండలో నిలబడాల్సి వస్తుంది.

ఆరుద్ర కార్తె

మట్టిలో వేలు పెట్టి చూశాను. పెట్టకూడదు, మొక్క వేళ్ళు కదులుతాయి, నా దగ్గర పనిచేసినవాళ్ళను ఈ పనికే తిట్టాను. అయినా పెట్టాను. బఠాణీ గింజంత గట్టిగా తగిలింది. ఇంకో కుండీలో పెట్టాను. అక్కడా తగిలింది. పెరట్లో ఎవరూ లేరు కాబట్టి గోడకు ఆనుకొని కాసేపు ఏడ్చాను. ఇది రాయనవసరం లేదని తెలుసు.

పూర్ణయ్య గారికి కబురు పంపాను. వచ్చి, వంగి, ఆయన కూడా వేలు పెట్టి చూశారు.

"నిజంగా బయటేనా?" అన్నారు.

"మీ కళ్ళ ముందే ఉంది కదండీ."

"కోత రోజు కమిటీ అంతా వస్తుంది," అని వెళ్ళారు. ఆయన నడక కొంచెం తేలికైంది. నాకు ఆయన మీద మొదటిసారి ఇష్టం కలిగింది.

పుష్యమి కార్తె

కమిటీ వచ్చేలోగా ఎంత బరువుందో తెలుసుకుందామని పది కుండీలు తవ్వాను. తవ్విన ప్రతిదాంట్లో పిడికిలికి సరిపడే దుంపలు. తోలు పల్చగా, లేత పసుపు రంగులో ఉన్నాయి. ఒకటి ఉడకబెట్టి నోట్లో వేసుకున్నాను. అడవి రకం చేదు లేదు. హాల్లో పాత రకం రెండు తొట్లు తవ్వితే గోలీలంతవి గుప్పెడు దొరికాయి. ఆ నష్టానికి బాధపడాల్సినంత బాధ పడలేదు, ఎందుకంటే బయట నా కుండీలున్నాయి.

కడగడానికి హైమ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. బుట్టలో దుంపల్ని చూసి హైమ మొహం వెలిగిపోయింది.

"ఇన్ని కాసినయ్యా. మా కష్టం ఊరికే పోలేదు పెద్దమ్మా."

"మీ కష్టమేంది?"

"రోజూ మోశాం గదా."

ఏం మోశారని అడిగాను. చెప్పింది. మొదటి రోజు సాయంత్రం నుంచే, నేను పంపుషెడ్డుకు వెళ్ళిపోయాక, ఓపికున్న ఆడవాళ్ళు తలా రెండు కుండీలు హాల్లోకి తెచ్చి తమ చాపల పక్కన పెట్టుకున్నారు. పొద్దున నేను టీ తాగి వచ్చేలోపల మళ్ళీ పెరట్లో వరసగా సర్దారు. ఒక్క రోజు కూడా తప్పలేదు.

"ముట్టుకోవద్దని రాశాను కదే!"

"ఆకు ముట్టుకోలేదు. చుట్టకుదురు మీద కుండీ పెట్టుకొని జాగర్తగా తెచ్చాం."

"నాకెందుకు చెప్పలేదు?"

పక్కనున్నామె చెప్పింది. "నువ్వు మర్చిపోతన్నావనుకున్నామక్కా. పొద్దుగూకినాక ప్రాణిని బయట వదిలేసేదానివి కాదు గదా నువ్వు. పనిలో పడి మర్చిపోతంది, మొహాన చెప్తే చిన్నబుచ్చుకుంటదని మేమే సర్దాం."

నోటికొచ్చినట్టు తిట్టాను. సారమ్మను తలుచుకొని కూడా తిట్టాను. చంకలో బిడ్డ ఏడుపు మొదలుపెట్టాడు. హైమ వాణ్ణి తీసుకొని వెళ్ళిపోయింది. నా తప్పు నాకు తెలుస్తూనే ఉంది. ఈ ఊరి కట్టుబాటు ఏమిటో నాకు బాగా తెలుసు, అది ఎందుకు పుట్టిందో అందరికంటే బాగా తెలుసు. మొక్క కూడా ప్రాణే అని వీళ్ళు అనుకుంటారని నాకెందుకు తట్టలేదో.

ఎవరూ మోయలేకపోయింది ఒక్క సిమెంటు తొట్టి. వెళ్ళి తవ్వాను. నడుమెత్తు మొక్క, కింద తెల్లటి వేళ్ళు. దుంప ఒక్కటీ లేదు. బయట ముప్పై మూడులో నిజంగా రాత్రులు గడిపిన మొక్క అదొక్కటే. నేను కమిటీకి ఇచ్చిన మాట ఆ తొట్టిలో తేలిపోయింది.

పుష్యమి కార్తె, మర్నాడు

నిద్ర లేదు. పొద్దున హాల్లోకి వెళ్ళాను, ఎందుకో తెలియకుండానే. బోర్డు మీద ఎప్పటిలాగే ఇరవై నాలుగు. మస్తాన్‌వలి నిచ్చెన మీద ఉన్నాడు.

"అన్నా, భరణి నుంచి ఈ అంకె మారిందా?"

"ఎక్కడ మారుద్దమ్మా. ఆ ఆడవాళ్ళంతా లోపలే గదా."

అప్పుడు తోచింది. నా కుండీలు రాత్రుళ్ళు గడిపింది చలిలో కాదు, ఇరవై నాలుగులో. అదే హాలు, అవే రాత్రులు, పక్కనే పాత రకం గోలీలంత కాసింది. నావి పిడికిలంత కాశాయి. పైగా నావి పగలంతా మండే ఎండలో ఉన్నాయి, హాల్లో తొట్లకు వెలిగించే దీపాలు వీటికి లేవు. ముప్పై మూడులో కాయదు, నిజమే. పద్దెనిమిది మాత్రం దానికి అక్కర్లేదు. పసిబిడ్డ నిద్రపోవడానికి ఎంత చల్లదనం కావాలో దానికీ అంతే చాలు.

నేను మనుషుల కోసం దుంపను బయటికి పంపాలని చూశాను. పూర్ణయ్య గారు దుంప కోసం మనుషుల్ని పంపాలని చూశారు. ఇద్దరం ఒకటే తప్పు చేశాం. ఎవరో ఒకరు బయట ఉండాల్సిందే అనుకున్నాం.

హైమ దగ్గరికి వెళ్ళి తిట్టినందుకు క్షమించమన్నాను. "పోనీలే పెద్దమ్మా," అంది. తర్వాత పని చెప్పాను. తవ్వని కుండీల్లో మొక్కల చివర్లు తుంచి తడి ఇసుకలో గుచ్చితే వేళ్ళు వేస్తాయి, దుంప మొలకెత్తే దాకా ఆగనక్కర్లేదు. హాల్లో పడుకునే మనుషులు అరవై మంది. అరవై కుండీలు కావాలన్నాను. ఎందుకని వాళ్ళు అడగలేదు.

ఆశ్లేష కార్తె

కమిటీ వచ్చింది. దుంపల బుట్ట చూసి పొగడడం మొదలుపెట్టారు. పొగడ్త పూర్తికాకముందే మొత్తం చెప్పాను. సిమెంటు తొట్టి, చుట్టకుదుళ్ళు, ఇరవై నాలుగు, అన్నీ.

పూర్ణయ్య గారి మొహం మాడిపోయింది.

"చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. ఎందుకు చెప్పారు?"

"మీరు నమ్మి వచ్చే వేసవిలో అంతా బయట నాటితే ఊరు ఊరంతా పస్తుంటుంది కాబట్టి."

"అయితే మాట తప్పినట్టే కదా, ఎస్తేరు గారూ. బయట కాయలేదు."

"కాయలేదు. ఇరవై నాలుగులో కాసింది. హాలు అంతకంటే చల్లబరచక్కర్లేదు, మనుషుల్ని పంపక్కర్లేదు. పగలు కుండీలు ఎండలో ఉంటే దీపాల కరెంటు కూడా మిగులుతుంది."

"పది కుండీల దుంపలు చూసి ఊరిని పణం పెట్టమంటారా? నేను ఆకలి చూశాను. పాత విత్తనం ఇంకా కాస్త ఉంది. ఖాళీ హాల్లో వేద్దాం. మీ కుండీలు కూడా లోపల ఓ మూల పెట్టుకోండి, వద్దనను. ఇవాళ సాయంత్రం నుంచి లోపలికి మొక్కలే వెళతాయి. మనుషులు వెళ్ళరు." తలుపు మీద ఆ మాటే రాయించారు. నా దగ్గరుండే తాళంచెవి ఇవ్వమన్నారు. ఇవ్వలేదు. ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఆయన భయం అబద్ధం కాదు. అది నాకూ ఉంది. కానీ ఆ భయంతో ఒకసారి తలుపు మూశారు, దుంపలు బతికాయి, నా చెల్లెలు పోయింది. రెండోసారి మూయనివ్వను.

పొద్దు వాలుతుండగా ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ వరసగా వచ్చారు. ప్రతి మనిషి చేతిలో ఒక కుండీ. పెద్దవి మోయలేని ముసలివాళ్ళకు చిన్న డబ్బాల్లో లేత మొక్కలిచ్చాను. ముందు హైమ ఉంది, రొమ్ముకు కట్టుకున్న గుడ్డలో బిడ్డ, చంకలో కుండీ. తలుపు దగ్గర పూర్ణయ్య గారు, ఇద్దరు కమిటీవాళ్ళు నిలబడి ఉన్నారు.

"కుండీ ఇక్కడ దించి వెళ్ళమ్మా. మావాళ్ళు లోపల పెడతారు," అన్నారాయన.

"పొద్దున్నే ఎండలోకి ఎవరు తెస్తారు బాబాయ్?"

"మావాళ్ళే."

"మీవాళ్ళు ఇద్దరు. కుండీలు అరవై. నీళ్ళెవరు పోస్తారు, పురుగెవరు ఏరతారు? ఇయ్యి మా చేతుల మీద పెరిగినయ్యి. మేం మోస్తేనే కాసినయ్యి."

"కమిటీ మాట అమ్మా ఇది."

"ఆ మాటకే మా అమ్మ పోయింది," అంది హైమ. గొంతు పెంచలేదు. "నేను కుండీ దించను బాబాయ్. పొద్దుగూకతంది. ప్రాణిని బయట వదలమని నువ్వు చెప్పు, నీ నోటితో చెప్పు, అందరం వింటాం."

పూర్ణయ్య గారు నోరు తెరిచారు. వరస చివరిదాకా చూశారు. తలుపు ముందు నుంచి పక్కకు తప్పుకున్నారు.

నేను ముందుకెళ్ళి తాళం తీశాను. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. తలుపు పక్కన గోడకు ఆనుకొని ఆయన అందరినీ చూస్తూ ఉండిపోయారు. చివర్న నా వంతు కుండీ ఎత్తుకొని నేనూ వెళ్ళాను. గట్టిదాన్ని, నాకు చలిలో వంతు లేదని ఎవరూ అనలేదు.

కమిటీకి తెలియజేయడమేమంటే, ఇవాళ్టి నుంచి మూడో ఏసీలో ఈ నియమం అమల్లో ఉంది. కుండీ లేని మనిషికి కుండీ ఇవ్వాలి. మనిషి లేని కుండీ లోపలికి వెళ్ళదు. మీ ఆమోదం కోసం రాయడం లేదు. వచ్చే కోతకు దుంప తక్కువైతే నన్ను అడగండి, జవాబు నేను చెబుతాను. తలుపు మూయాలనుకుంటే మాత్రం ముందు వచ్చి మా అందరి చేతుల్లోంచి కుండీలు లాక్కోండి.

మర్నాడు పొద్దున బోర్డు మీద ఇరవై నాలుగు. లోపల పడుకున్న మనుషులూ మొక్కలూ అందరూ లేచారు.